నా మోకాలి నిజం, నా ఆస్తి పంపకం

గాంగ్నుంగ్ పట్టణంలో టోఫు దుకాణం నడుపుకొంటున్న హమ్ గితేక్ అనే నేను, అరవై ఆరో ఏట, పూర్తి తెలివిలో ఉండి, నా ఇష్టప్రకారం రాయించిన వీలునామా ఇది. నాలో సరిగా లేనిది ఎడమ మోకాలు ఒక్కటే. దాని మాట ఈ కాగితంలో చెల్లదు.

1. ఇల్లు, దుకాణం, సోయా రుబ్బే రాయితో సహా నా భార్య గ్వోన్ మల్సున్‌కు చెందుతాయి. ఆమె తదనంతరం మా అమ్మాయి యోన్‌హీకి. కుంటివాడికి పిల్లనెలా ఇస్తామని మామగారు గోల చేసినప్పుడు మల్సున్, "కాలే కాదు నాన్నా, ఈయనకి మెడ కూడా వంగదు. నాకు నచ్చిందే అది" అంది. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత యోన్‌హీది.

2. పైన్ తోపు పక్కనున్న నా స్థలం సిమ్ చాంగ్యూకు ఇస్తున్నాను. 1978 డానో తిరునాళ్ళ ఫుట్‌బాల్ పోటీలో నా కాలు విరగ్గొట్టినవాడని ఈ ఊరు ఇప్పటికీ తిట్టే చాంగ్యూకే. కారణం రాస్తున్నాను.

ఆ మరుసటి వారమే నేను జాతీయ యువజట్టు శిబిరానికి సియోల్ వెళ్ళాలి. పోటీకి మూడు రోజుల ముందు సాధనలో మోకాలు మెలితిరిగింది. మా బడి కోచ్ మేంగ్ మాస్టారికి చూపించాను. "ఊరంతా నీకోసమే వస్తోంది రా. సూది పొడిపిస్తా, నొప్పి తెలీదు. ఆడు" అన్నాడు. ఆడాను. రెండో సగంలో ఎదుటి జట్టు చాంగ్యూ బంతి కోసం కాలు చాచాడు, నేను కూలిపోయాను. ఆసుపత్రిలో ఎముకల డాక్టరు, "ఇది ఇవాళ్టి దెబ్బ కాదు, లిగమెంటు ముందే తెగింది. ఈ కాలితో నిన్ను ఆడించిన మహానుభావుడెవరయ్యా?" అని అడిగాడు. నేను నోరు విప్పలేదు. మాస్టారంటే భయం. పైగా, అందరూ నా తరఫున మరొకణ్ణి తిడుతుంటే హాయిగానే ఉంది.

ఊరు చాంగ్యూ ఇంటి కిటికీలు పగలగొట్టింది. వాళ్ళమ్మ దగ్గర చేపలు కొనడం మానేసింది. వాడు సొక్చో రేవుకు వెళ్ళి చేపల పడవెక్కాడు. పదకొండేళ్ళ తర్వాత ఆ రేవుకు పోయి నిజం చెప్పాను. "ఇక్కడికి రావడానికి పదకొండేళ్ళా అన్నా? కుంటిది నీ కాలా, నోరా?" అన్నాడు. ఊరందరికీ చెబుతానంటే, "మా అమ్మ పోయింది. ఇంకెవరికి చెబుతావు?" అన్నాడు. తర్వాత అప్పుడే పట్టిన స్క్విడ్ కోసి నా ముందు పెట్టాడు. ఏడుస్తూ తిన్నాను.

ఆ తర్వాత కూడా ఊళ్ళో చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. ఈ రెండో అంశాన్ని మా బడి పూర్వవిద్యార్థుల సభలో యోన్‌హీ మైకులో చదవాలి. ఎవరైనా లేచిపోతే తలుపు దాకా వినిపించేలా చదవాలి.

3. నా తొమ్మిదో నంబరు చొక్కాను ఆ పూర్వవిద్యార్థుల సంఘంవాళ్ళు మేంగ్ మాస్టారి పటం కింద వేలాడదీస్తామని ఏటా అడుగుతున్నారు. ఇవ్వను. అది ఓక్ సెబిన్‌కు. ఇరవై రెండేళ్ళు నేను నేర్పిన ఆడపిల్లల జట్టులో ఆ పిల్లది మెరుపు కాలు. 2009 ఫైనల్లో మోకాలు పట్టుకుని, "నొప్పిగా ఉంది సార్, కానీ ఆడతా" అంది. బయటికి లాగేశాను. ఓడిపోయాం. "కుంటి ముసలాడు కప్పు పోగొట్టాడు" అన్నారు. కప్పు పోతే పోయింది. సెబిన్‌కు ముప్పై నిండాయి, ఇంకా ఆడుతోంది. చొక్కా చంకలో చిరిగింది, కుట్టుకోమ్మా.

4. నా ఈల, బంతులు ఆ జట్టువి. నొప్పి అన్న పిల్లను తర్వాతి నిమిషం కూడా మైదానంలో ఉంచిన కోచ్ చేతికి ఆ ఈల అందకూడదు.

5. చావు కబురులో "దురదృష్టవంతుడు", "రాలిపోయిన తార" లాంటివి రాస్తే యోన్‌హీ కొట్టేయించాలి. నేను రాలలేదు. ఇదే ఊళ్ళో నలభై ఏడేళ్ళు రోజూ ఈ కాలి మీదే నిలబడి టోఫు తీశాను.

ఈ సంతకం కోసం వకీలుగారి ఆఫీసుకు మూడంతస్తులు మెట్లెక్కి వచ్చాను. లిఫ్టు బాగానే పనిచేస్తోంది.

2025 నవంబరు 4, గాంగ్నుంగ్
(సంతకం) హమ్ గితేక్

సాక్షులు:
బాంగ్ ఇన్హో, వకీలు
తాక్ గ్యోంగ్జా, పక్క కొట్టు యజమానురాలు