చుక్క ముట్టని బిస్కెట్లు

చిరంజీవి తమ్ముడికి,
అక్క దీవెనలు.

నువ్వు ఆ కొత్త బేకరీ వాళ్ళకు పని నేర్పడానికి వెళ్ళి పదకొండు రోజులైంది. నీ కుక్కను నా గుమ్మంలో దింపుతూ "నాలుగు నెలలే కదక్కా, చుక్క ఉన్నట్టే తెలియదు" అన్నావు. తెలుస్తోంది. ముఖ్యంగా నా ఎడమ చెప్పుకు తెలిసింది.

కొట్లో అమ్మే కుక్క బిస్కెట్ల పొట్లం మీద ఏముందో చదివాను. ముప్పై నాలుగేళ్ళు బడిలో లెక్కలు చెప్పినదాన్ని, ఒక్క ముక్క అర్థం కాలేదు. అందుకని ఇంట్లోనే చేశాను. ఉడికించిన చిలగడదుంప, పొడి చేసిన ఓట్స్, ఒక గుడ్డు. ఉప్పూ చక్కెరా లేవు. స్కేలు పెట్టి మూడు సెంటీమీటర్ల చదరాలుగా కోసి, చిన్న ఓవెన్‌లో నలభై నిమిషాలు ఉంచాను. చుక్క ఒకటి తిని, ఇంకోటి పెట్టమని నా మోకాలి మీద కాలు వేసింది.

ఉంటాను,
అక్క

తా.క.: నా చేతి వంట రెండోసారి అడిగిన మొదటి ప్రాణి ఇదే. ఈ వాక్యం మీ బావగారికి చదివి వినిపించాను. ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

~

అక్కకు నమస్కారాలు.

చుక్క క్షేమమని తెలిసి సంతోషం. నువ్వు బిస్కెట్లు చేశావంటే మరీ సంతోషం. అది తిందంటే ఇంకా సంతోషం. పాపం ఆకలి మీద ఉండి ఉంటుంది. నువ్వు గుడ్లు ఉడకబెడితే గిన్నె మాడేది, మరిచిపోయావా?

ఇరవై ఆరేళ్ళుగా పిండి పిసుకుతున్నాను. నా రొట్టె ముక్క పెడితే చుక్క తోక ఊపేదే గాని, మోకాలి మీద కాలు వేసిన గుర్తు లేదు. నిజంగానే వేసిందా? ఏ కాలు?

ఒక డబ్బా పంపుతున్నాను. ఉడికించిన కోడి లివరు, ఓట్స్, చక్కెర కలపని వేరుశనగ ముద్ద. పెట్టి చూడు, తేడా దానికే తెలుస్తుంది.

నీ తమ్ముడు

తా.క.: ద్రాక్ష, ఉల్లిపాయ, చాక్లెట్ కుక్కలకు విషం. నీకు తెలియదేమోనని రాశాను.

~

తమ్ముడికి దీవెనలు.

కుడి కాలు.

విషాల సంగతి నీ ఉత్తరం రాకముందే చదువుకున్నాను. నీ డబ్బా అందింది. చుక్క వాసన చూసి మూతి తిప్పేసుకుంది. పారేయడం ఎందుకని పక్కింటి దర్జీ ఆవిడకు ఇచ్చాను. టీలో ముంచుకుని తిని, పరవాలేదంది.

ఈ మధ్య గుమ్మడికాయ గుజ్జుతో కూడా చేస్తున్నాను. నేను లేచేసరికి చుక్క ఓవెన్ ముందు కూర్చుని ఉంటోంది. "బంగారం" అని పిలిచినా పలుకుతోంది.

అక్క

తా.క.: నీ ఉత్తరంలో మూడు సంతోషాలున్నాయి. అబద్ధాలు తీసేస్తే సున్నా మిగిలింది.

~

గౌరవనీయులైన అక్కగారికి,

నా కుక్కకు కొత్త పేరు పెట్టే హక్కు మీకెవరిచ్చారు?

మీరు రాసినట్టే నేనూ ఒక వాయి చేసి, స్వయంగా కొరికి చూశాను. అట్టముక్కలా ఉంది. అట్టముక్క పడేస్తే నన్ను మరిచిపోయేంత పిచ్చిదా చుక్క? డబ్బాకు నా చేతి వాసనైనా ఉండాలే, అదీ గుర్తుపట్టలేదా?

చేప, క్యారెట్‌తో రెండో డబ్బా పంపుతున్నాను. దయచేసి దర్జీ ఆవిడకు ఇవ్వకండి.

ఇట్లు,
మీ తమ్ముడు

తా.క.: మిమ్మల్ని "మీరు" అంటున్నానని గమనించగలరు.

~

తమ్ముడుగారికి,

గమనించాము. రెండో డబ్బా కూడా చుక్క ముట్టలేదు.

మీరు తిరిగొచ్చాక దాన్ని తీసుకెళ్ళడం గురించి కొంచెం ఆలోచించాలి. దానికి ఈ ఇల్లు అలవాటైపోయింది.

ఇట్లు,
అక్క

తా.క.: "ఒక కుక్క కోసం ఇద్దరు పెద్దవాళ్ళు..." అంటూ మీ బావగారు మధ్యలోకి వచ్చారు. ఆ వాక్యం పూర్తి కాలేదు. నేను కానివ్వలేదు.

~

అక్కా,

పోట్లాడే ఓపిక లేదు. నిన్న పని నేర్చుకునేవాళ్ళంతా చూస్తుండగా రొట్టెల పిండిలో ఉప్పు రెండుసార్లు వేశాను. మొన్న పిండి పొంగనే లేదు. చెయ్యి పోయిందనుకుంటా. సొంత కుక్కే వద్దన్న చేత్తో పదిమందికి ఏం నేర్పను?

ఇక్కడ మానేసి వచ్చేస్తాను. ఊళ్ళో మన రొట్టెల కొట్టు కూడా మూసేస్తాను. చుక్కను నువ్వే ఉంచుకో. ఉరుములొస్తే మంచం కిందకు దూరుతుంది, లాగకు. పక్కన కూర్చుంటే చాలు, అదే వస్తుంది.

తమ్ముడు

తా.క.: ఏమీ లేదు.

~

తమ్ముడూ,

కొట్టు మూయకు. ముందు ఇది పూర్తిగా చదువు.

చుక్క మెట్లెక్కడం మానేస్తే నిన్న పశువుల డాక్టరమ్మకు చూపించాను. మూడున్నర కిలోలు ఎక్కువుంది. ఆ పిల్ల ఒకప్పుడు నా దగ్గర ఆరో తరగతి చదివింది.

"ఏం పెడుతున్నారు టీచర్?" అంది.

"చిలగడదుంప బిస్కెట్లు. రోజుకి రెండు."

"రెండింటికి ఇంత రాదు. లెక్క మళ్ళీ చూసుకోండి."

నేను నేర్పిన మాటే నాకు అప్పజెప్పింది. ఇక దాచలేకపోయాను. ఆవిడకు చెప్పిందే నీకూ చెబుతున్నాను.

నీ మొదటి డబ్బాను చుక్క ఒక్క పూటలో ఖాళీ చేసింది. మూతి అందులో ఇరుక్కుంటే మీ బావగారు పట్టుకుని లాగారు. ఆ ఖాళీ డబ్బాను నోట కరుచుకుని రెండు రోజులు ఇల్లంతా తిరిగింది. రెండో డబ్బా అల్మారా మీద దాస్తే, దించేదాకా కింద కూర్చుని ఏడ్చింది. దర్జీ ఆవిడ అసలు లివరే ముట్టదు.

నావీ తింటుంది, అది నిజం. కానీ నావి తిని ఏ డబ్బా మోయలేదు.

చిన్నప్పుడు నేను లెక్కల్లో నూటికి నూరు తెచ్చిన రోజున కూడా ఇంటికొచ్చినవాళ్ళు నీ కేకు గురించే మాట్లాడుకున్నారు. ఇన్నాళ్ళకు ఒక కుక్క నన్ను ఇంకోటి పెట్టమని అడిగింది. ఆ కాస్తా నీతో పంచుకోలేకపోయాను. కుళ్ళుకున్నాను, అంతే. నీ చెయ్యి ఎక్కడికీ పోలేదు. ఉప్పు రెండుసార్లు వేసేలా చేసినవి నా ఉత్తరాలే. ఆ పిల్లలకు పని పూర్తిగా నేర్పి రా. చుక్క నీదే.

నీ అక్క

తా.క.: డాక్టరమ్మ మనిద్దరి బిస్కెట్లూ రెండు నెలలు ఆపేసి, ఉడికించిన క్యారెట్ మాత్రమే పెట్టమంది. మొదటి ముక్క తనే పెట్టింది. తీరా బయల్దేరుతుంటే చుక్క ఆవిడ కుర్చీ కింద పడుకుంది. నేను పిలిస్తే తల కూడా తిప్పలేదు. త్వరగా వచ్చెయ్. ఈ కుళ్ళు ఒక్కదాన్నే మోయలేకపోతున్నాను.