చీటీలో రాయని చోటు

ఉదయగిరి,
కార్తీక మాసం, 1951.

మద్రాసులో ఉన్న శ్రీవారికి మీ అలివేలు నమస్కరించి రాయునది. ఇక్కడ అత్తయ్య, నేను, బర్రెలు అందరం కులాసా. అక్కడ మీరూ, మీ మ్యూజియం నత్తలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మీ జాబు అందింది. ఇల్లు కురుస్తోందా అని అడిగారు. కురవడం లేదు. అత్తయ్య మోకాలి నొప్పి ఎలా ఉందన్నారు. వాన వస్తే నొప్పి, వెలిస్తే కోపం. ఇక మిగిలినదంతా నత్తల గురించే. ఎప్పుడో ఒక దొర పట్టుకుపోయిన ఎర్ర అంచు నత్తగుల్ల మీ పెట్టెలో ఉందనీ, దాని చీటీ మీద 'ఉదయగిరి' అని తప్ప ఏమీ లేదనీ, అంత కొండలో ఏ చోటో తెలియకపోతే రికార్డుకు ఎక్కదనీ రాశారు. అర్థమైంది. 'నువ్వే వెళ్లి చూసి రా' అని మీ ఆఫీసరు అంటే, 'ఎందుకండీ, మా ఇంటివాళ్లు వెతికి పంపుతారు' అని మీరే అన్నారట. అదీ అర్థమైంది. శ్రావణంలో వెళ్లిన మనిషిని ఆఫీసు ఖర్చుతో ఇంటికి పొమ్మంటే వద్దన్నారు. కోపంతో ఆ పూట అన్నం మానేశాను. తర్వాత ఆకలేసి తిన్నాను.

అయినా మీ మాట తీసెయ్యలేక, కొండ మీద మేకలు మేపే మాలకొండయ్యకు చెప్పాను. అతను తువ్వాలు నిండా గుల్లలు ఏరుకొచ్చి, నేను బావి దగ్గర ఉండగా అరుగు మీద పోసి వెళ్లాడు. నేను వచ్చేసరికి అత్తయ్య వాటిని పిడకల మంటలో కాలుస్తున్నారు.

"అయ్యో అత్తా, ఇదేంది!" అని కేక వేశాను.

"ఏంది మే, అట్ట అరస్తా ఉండావు? సున్నానికి కాదా తెప్పించినావు? మంచి గుల్ల. నీళ్లు పోస్తే వెన్న మాదిరి వస్తాది చూడు," అన్నారు.

సున్నం నిజంగానే బాగా వచ్చింది. మీ నత్తలు ఇప్పుడు అత్తయ్య తాంబూలంలో ఉన్నాయి. సంగతి చెప్పగానే ఆమె తల పట్టుకుని, "మావోడి ఉద్యోగం పోతాదా?" అన్నారు. పోదులే అత్తా అని నేనే ధైర్యం చెప్పాను.

ఇప్పుడు అసలు సంగతి. కోప్పడకండి. వాన వెలిసిన మర్నాడు మాలకొండయ్య, అతని భార్య రోశమ్మ వెంట నేనే కొండ ఎక్కాను. 'నువ్వు ఎక్కవద్దు, జారుతుంది' అని మీరు కింద గీత గీసి రాసింది మరిచిపోలేదు. జారాను కూడా. మోచెయ్యి గీరుకుంది, అంతే. కానీ ఒక రాతి పక్కన, తడి నాచు మీద, ఎర్ర అంచు గుల్ల మోసుకుంటూ అది నింపాదిగా పోతోంది. ప్రాణంతో! ఆ నడక చూస్తే మీరు ఇంటికొచ్చే వేగం గుర్తొచ్చింది. నవ్వు ఆగలేదు. ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. మిమ్మల్ని చూడాలని ఉందండీ.

ప్రాణమున్నదాన్ని ముట్టుకోలేదు. పక్కనే పడి ఉన్న ఖాళీ గుల్లను దూదిలో చుట్టి, డబ్బాలో పెట్టి పార్సిలు చేశాను. చీటీ కూడా రాశాను. కొండ పేరు, తేదీ, ఏరినవారు అలివేలమ్మ. కొండ మీద ఏ చోటో మాత్రం రాయలేదు. అది లేకపోతే రికార్డుకు ఎక్కదని మీరే కదా రాశారు! ఆ చీటీ మీ ఆఫీసరుకు చూపించండి. మిమ్మల్నే వెళ్లి రమ్మని మళ్లీ అంటారు. ఈసారి నోరు మూసుకుని తల ఊపండి. ఆత్మకూరులో బస్సు దగ్గర మా నాయన మీ కోసం చూస్తుంటారు. చోటు నేను దగ్గరుండి చూపిస్తాను.

మాలకొండయ్యకు జాబు రాసి కనుక్కుందామనుకునేరు. అతనికి చదువు రాదు. వచ్చిన జాబులన్నీ చదివిపెట్టేది నేనే.

ఇట్లు,
కొండ దారి తెలిసిన మీ భార్య,
అలివేలమ్మ