పడవ వెనక మూడొందల మీటర్లు

సోమవారం, సర్వే ఓడ

ప్రియమైన అన్నయ్యకు,

ఇక్కడ ఫోన్ అందదు. పొద్దున్నే సరుకులు తెచ్చే పడవవాళ్లే నాకు టపా. నా ఉద్యోగాన్ని ఎప్పుడూ వెక్కిరిస్తావు, ఈసారి శ్రద్ధగా చదువు. డెబ్బై మీటర్ల లోతున, గుడ్డివెలుతురులో, ఆల్చిప్పలు ఒకదాని మీద ఒకటి అతుక్కుని పెద్ద దిబ్బ కట్టాయని మా నమ్మకం. చేపలు గుడ్లు పెట్టేది ఆ సందుల్లోనే. దాని ఫొటో శుక్రవారంలోగా ఇవ్వకపోతే ఇసుక కంపెనీకి అక్కడ తవ్వుకోమని అనుమతి ఇచ్చేస్తారు. చేపలకు వెళ్లినప్పుడు వల అడుగున దేనికో పట్టేసిన చోట్లన్నీ నీ నోట్‌బుక్కులో గుర్తు పెట్టుకుంటావు కదా, అవి నాకు కావాలి. కాదనకు.

నీ చిప్పల డాక్టరు

మంగళవారం, రేవు

చిప్పల డాక్టరు గారికి,

పడవ నడిపేవాడు ఆ నోట్‌బుక్కు ఎవరికీ చూపించడు. మీ వదినకే చూపించలేదు. పొద్దున్నించి రెండు కాగితాలు రాసి చింపేశాను. సరే, ఈ కాగితం వెనకాల నాలుగు గుర్తులు రాశాను. ఎవరిచ్చారని అడిగితే నా పేరు ఎత్తకు. వేళకి తిను.

మీ అన్నయ్య

బుధవారం, సర్వే ఓడ

అన్నయ్యకు,

నాలుగు చోట్లా కెమెరా దించాం. అంతా బురద. ఒక్క చిప్ప లేదు. అందరి ముందూ తల కొట్టేసినట్టయింది. ఇవ్వడం ఇష్టం లేకపోతే లేదని ఒక్క ముక్క రాయాల్సింది. పరాయివాళ్లని తిప్పినట్టు నన్ను తిప్పావు. ఇంక రెండు రోజులే ఉన్నాయి.

చెల్లెలు

గురువారం, రేవు

చెల్లీ,

నీ ఉత్తరం చదివి కంచం ముందు నుంచి లేచిపోయాను. మీ వదిన కాగితం లాక్కుని చదివి, "ముందు తనెక్కడ వెతికిందో కనుక్కోండి, తర్వాత తీరిగ్గా అలగచ్చు" అంది. అప్పుడు తట్టింది. నువ్వు సరిగ్గా గుర్తు మీదే కెమెరా దించి ఉంటావు. మేం గుర్తు పెట్టేది పడవ ఆగిన చోటుకి. వల పడవకి కట్టిన మోకు చివర, మూడొందల మీటర్ల వెనక ఉంటుంది. నేనెప్పుడూ ఒడ్డు వైపే లాగుతాను కాబట్టి, గుర్తు దాటి సముద్రంలోకి అంత దూరం వెళ్లి దించు. రేవులో ఇది తెలియనివాడు లేడు, అందుకే విడిగా చెప్పాలనిపించలేదు.

ఇంకో సంగతి. నాలుగో చోట నా వల ఉంది. ఎంతకీ రాకపోతే మోకు కోసేసి వచ్చాను. వల పోతే మత్స్యశాఖ ఆఫీసులో చెప్పాలి, చెప్పలేదు. దాని మీద పడవ నంబరుంది. తెలిస్తే లైసెన్సు పోతుంది. భయంగానే ఉంది. అయినా వెళ్లు.

అన్నయ్య

శుక్రవారం, సర్వే ఓడ

మా అన్నయ్యకు,

దొరికింది. మొదటి మూడు చోట్లా వలలు ఈడ్చుకుపోగా మిగిలింది చిప్పల ముక్కలే. నిలబడి ఉన్నది నాలుగోదొక్కటే, నీ వల కింద. వల తాళ్లకి కూడా గోరంత పిల్లచిప్పలు అతుక్కుని పెరుగుతున్నాయి.

వల కనబడకుండా ఫొటో తీద్దామని రెండు గంటలు కెమెరా తిప్పించాను. ఎటు తిప్పినా నీ నంబరే. నిన్ను అడిగే వ్యవధి లేదు. ఓడ మీదున్న అధికారికి ఆ ఫొటోనే ఇచ్చాను, తవ్వకానికి అనుమతి ఆపేశారు. నీ పేరు ఎత్తకన్నావు, ఎత్తాను. గుర్తులు ఇచ్చిందీ, వల ఉందని చెప్పిందీ నువ్వేనని సంతకం పెట్టి ఇచ్చాను. దానివల్ల నీ లైసెన్సు నిలుస్తుందో లేదో ఎవరూ చెప్పడం లేదు.

నిన్ను అనుమానించినందుకు సిగ్గుగా ఉంది. ఈ పని చేసినందుకు ఏడుపొస్తోంది.

సోమవారం పదింటికి నిన్ను ఆఫీసుకి పిలుస్తారు. తొమ్మిదిన్నరకే గుమ్మం దగ్గర ఉంటాను. నేను లేకుండా లోపలికి వెళ్లకు.

నీ చెల్లి