పదిహేడో వరసలో మూడు సీట్లు

చిరంజీవి అమ్మడికి,

మంగళవారం ఉదయం పదకొండుంబావుకి టికెట్లు కొన్నాను. ఏజెంటు దగ్గరే కొన్నాను. పై నెల పధ్నాలుగున ఉదయం ఆరూ నలభైకి విమానం. ముందు అసలు సంగతి, తరవాత ఆశీస్సులు. ముప్ఫై ఒక్కేళ్లు వార్తలు రాసిన చేతికి వేరే వరస రాదు. ఇప్పుడు ఆశీస్సులు. నేను బాగానే ఉన్నాను, బీపీ మాత్ర మానలేదు. నువ్వు కులాసాగా ఉన్నావని నీ ఉత్తరం చూస్తే తెలిసింది. ఈసారి అక్షరాలు గీత దాటలేదు.

ఫోన్లో నేను "ఊఁ" తప్ప ఇంకేమీ అనడం లేదని, ఉత్తరమైతే తప్పించుకోలేనని కదా ఈ ఏర్పాటు పెట్టావు. బాగానే కనిపెట్టావు. కాగితం ముందుంటే చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది.

నీ ప్రశ్నలకు జవాబులు. వంటింటి కుళాయి కారడం ఆగింది. ప్లంబరు వచ్చి వాషరు మార్చాడు, "ఇన్నాళ్లూ ఈ చప్పుడు ఎలా భరించారండీ?" అన్నాడు. చప్పుడు వినలేదన్నాను. నిజంగానే వినలేదు. తిండి సరిగానే తింటున్నాను. గుడ్డు ఉడకడానికి ఎనిమిది నిమిషాలు పడుతుంది. మీ అమ్మ స్కూలు వాళ్లు ఆమె బీరువా ఖాళీ చేసి ఒక అట్టపెట్టె పంపారు. అందులో సుద్దముక్కలు, గ్లోబు, ఒక జత చెప్పులు ఉన్నాయి. పెట్టె హాల్లోనే ఉంది. సర్టిఫికెట్ సంగతి కూడా అడిగావు. దానికి చివర్లో వస్తాను.

టికెట్లు మనమే తీసుకోవాలా, ఏజెంటుకి అప్పగించాలా అన్నదానికి నువ్వు రెండు పేజీలు రాశావు. ఈ నెలాఖరులోగా తేలకపోతే నీ సెలవు రద్దవుతుందని, మళ్లీ ఏడాదిన్నర దాకా ల్యాబు వాళ్లు సెలవివ్వరని కింద రెండు గీతలు గీశావు. అమ్మ రిటైరయ్యాక ముగ్గురం వెళ్లాలనుకున్న ప్రయాణం ఇప్పుడు ఇద్దరమైనా వెళ్లి తీరాలని మూడు గీతలు గీశావు. మీ అమ్మ ఏడాదికోసారి పిల్లలకు బోర్డు మీద, మనం వెళ్లాలనుకున్న ఆ సరస్సు గీసి చూపించింది, ఇరవై ఆరేళ్లు గీసింది, ఒక్కసారీ చూడలేదు. అంతా ఒప్పుకున్నాను.

నాకు అలవాటైన పద్ధతిలోనే విచారించాను. మొదట ఆఫీసులో మా క్రీడల పేజీ ఆయన్ని అడిగాను. స్కోరు అని పిలుస్తామే, ఆయన. పోయిన ఏడాది అన్నీ ఆయనే ఫోన్లో బుక్ చేసుకుని వెళ్లొచ్చాడు.

"హోటలు ఫొటోలో స్విమ్మింగ్ పూల్ ఉంది గురూ. తీరా వెళ్తే అక్కడ గొయ్యి తవ్వుతున్నారు. మా ఆవిడ గట్టు మీద నిలబడి, 'నీళ్లు మనం ఉండగా పోస్తారో, వెళ్లాక పోస్తారో కనుక్కోండి' అంది. ఈ రోజుకీ అంటూనే ఉంది."

తరవాత మందుల షాపు ఆయన. ఆయనది ఏజెంటు ప్రయాణం.

"ఎనిమిది రోజుల్లో ఐదు దేశాలండీ. బస్సు దిగండి, ఫొటో దిగండి, బస్సెక్కండి. మా చెల్లెలి మొగుడు ఒక దేశమంతా నిద్రలోనే దాటేశాడు. మా ఆవిడ లేపబోతే మా చెల్లెలు, 'పోనీ వదినా, ఇంట్లో ఇంత హాయిగా పడుకోడు' అంటూ చెయ్యి పట్టుకుంది."

రెండు వైపులా సాక్ష్యం ఒకటే బరువు. మీ అమ్మ అభిప్రాయం మాత్రం తెలిసిందే. "మనకి కావలసిన చోటు మనం వెతుక్కోకపోతే ఇక ప్రయాణం ఎందుకు? వాళ్లు చూపించేది చూడ్డానికి టీవీ చాలదూ?" అనేది. ఏ ఊరికైనా టికెట్లు ఆమె తీసేది, సూట్‌కేసులు నేను మోసేవాణ్ణి. కాబట్టి నువ్వు చెప్పినట్టు మనమే తీసుకుందామని, టికెట్ల సైటులో ఆమె ఖాతాలోంచే తీద్దామని కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

నువ్వు రాసిచ్చిన పదకొండు అంచెల్లో మూడింటిదాకా ఇబ్బంది లేదు. నాలుగోది ప్రయాణికులను ఎంచుకోవడం. అక్కడ మీ అమ్మ ముందే దాచిపెట్టిన పేర్లు మూడున్నాయి. మొదట ఆమెది, తరవాత నాది, తరవాత నీది. మూడింటికీ పక్కన టిక్కు పెట్టే ఉంది. ఒక టిక్కు తీసేయాలి, అంతే. నొక్కితే పోతుంది.

మూడు రోజులు, రోజూ పొద్దున్నే కూర్చున్నాను. పావుగంట కదలకపోతే ఆ పేజీ మూసుకుపోయి మళ్లీ మొదటినుంచి రమ్మంటుంది. వేలికేమీ కాలేదు, కళ్లజోడు కొత్తది. ఏడుపు కూడా రాలేదు, నువ్వు అలా అనుకోకు. ఏమీ రాలేదు. అందుకే ఏజెంటు దగ్గరికి వెళ్లాను. లాభనష్టాలు తూచి తీసుకున్న నిర్ణయం కాదది.

బట్టల ఇస్త్రీ దుకాణం పైన ఒకే గది. ఏజెంటు నలభై దాటిన ఆవిడ, కళ్లజోడు తాడుతో మెడలో వేలాడుతుంటుంది. బల్ల మీద ప్లాస్టిక్ విమానం ఉంది, దాని తోకకు టేపు చుట్టారు. కింది నుంచి ఇస్త్రీ ఆవిరి వాసన వస్తూంటుంది. సోమవారం వెళ్లాను. ఎక్కడికో, ఎన్ని రోజులో చెప్పాను, రాసుకుంది.

"ఎంతమంది సార్?"

"ముగ్గురం."

"పిల్లలెవరైనా ఉన్నారా?"

"లేరు. అమ్మాయికి ఇరవై ఏడు."

పాస్‌పోర్టులు అడిగింది. మీ అమ్మ మూడూ కలిపి రబ్బరు బ్యాండు వేసి ఉంచింది కదా, ఆ కట్ట అలాగే ఇచ్చాను. కిటికీ పక్క సీటు ఎవరికని అడిగింది.

"మా ఆవిడకి. జాగ్రఫీ టీచరు. కింద ఏముందో చూడకపోతే ఊరుకోదు."

"మా ఆయనా అంతేనండీ. ఏమీ కనపడకపోయినా మేఘాలు లెక్కపెడతాడు" అంది. నవ్వాను కూడా.

మంగళవారం పదకొండింటికి ఫోన్ చేసింది. "సార్, ముగ్గురు పెద్దవాళ్లు, పదిహేడో వరస, కిటికీ మేడమ్ గారికి. రెండోసారి అడక్కుండా నేను ఏదీ ఖాయం చేయను. సరేనా?"

"మంచి అలవాటు. ముగ్గురమే" అన్నాను.

పావుగంటలో టికెట్లు వచ్చాయి.

మా డెస్కులో చేరిన ప్రతివాడికీ నేను చెప్పే మొదటి పాఠం నీకు తెలుసు. ముందు సంఖ్య. ఎంతమంది, ఎవరు చెప్పారు, ఇంకెవరు చెప్పారు. రెండు నోళ్ల నుంచి వినకుండా రాయకు. ఇక్కడ రెండుసార్లూ నేనే చెప్పాను. అబద్ధం చెబుతున్నానని తెలిసి చెప్పలేదు. అడగ్గానే వచ్చిన జవాబు అది.

బుధవారం వీసా ఫారాల కోసం పిలిచింది. బల్ల మీద మూడు పరిచింది, సంతకం చేయాల్సిన చోట పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టి ఉంచింది. నాది చేశాను. నీది పోస్టులో పంపుతానంది.

"మేడమ్ గారు సంతకం నా ఎదురుగానే పెట్టాలి సార్. ఎప్పుడు వీలవుతుంది?"

"వీలవదు."

"ఊళ్లో లేరా?"

"పోయింది. ఏడు నెలలైంది."

ఆమె కళ్లజోడు తీసింది, మళ్లీ పెట్టుకుంది.

"మరి... రెండుసార్లు అడిగాను కదండీ."

"అడిగారు. తప్పు మీది కాదు."

మూడో ఫారం తిరగేసి పక్కన పెట్టింది. కాసేపు స్క్రీన్ చూసి, నెమ్మదిగా విషయం చెప్పింది. మూడు టికెట్లూ ఒకే బుకింగ్. ఒక్క పేరు తీయాలంటే శుక్రవారం మధ్యాహ్నం పన్నెండులోగా మరణ ధ్రువపత్రం నకలు పంపాలి. లేకపోతే మొత్తం బుకింగ్ రద్దవుతుంది. ఆ తేదీల్లో ఆ విమానంలో ఇంకెక్కడా ఖాళీ లేదు. అంటే నీ సెలవూ పోతుంది.

"అది ఇంట్లోనే ఉంటుంది కదండీ. ఫొటో తీసి పంపండి చాలు" అంది.

ఇప్పుడు నీ ప్రశ్నకి వస్తున్నాను అమ్మడూ. రెండు ఉత్తరాల కింద సర్టిఫికెట్ వచ్చిందా అని అడిగితే, వచ్చింది, బీరువా సొరుగులో ఉందని రాశాను. మొన్న మళ్లీ అడిగావు, నకలు పంపమన్నావు. అది సొరుగులో లేదు. అసలు తీసుకోలేదు. రిజిస్ట్రారు ఆఫీసుకి రెండుసార్లు వెళ్లాను. ఒకసారి టోకెన్ అరవై రెండు, ఒకసారి పంతొమ్మిది. రెండుసార్లూ నా నంబరు పిలిచారు. రెండుసార్లూ లేచి, కౌంటరు వైపు కాకుండా గుమ్మం వైపు నడిచాను. సొరుగులో ఉన్నవి ఆ రెండు టోకెన్లు.

ఎందుకని అడిగితే చెప్పలేను. పేపర్లో ఆమె వార్త వేసినప్పుడు వయసు యాభై ఏడని పడబోతే, యాభై ఎనిమిదని దిద్దింది నేనే. ఆ రోజు చెయ్యి ఆగలేదు. ఈ ఫారంలో మృతురాలి పేరు, పక్కన దరఖాస్తుదారుకి ఏమవుతారు అని ఒక గడి, కింద సంతకం. మూడు గడులు. నీకు అబద్ధం రాశాను. నాకు గుర్తున్నంతలో, తెలిసి రాసిన తప్పుడు వార్త ఇదొక్కటే. సవరణ వేస్తున్నాను, మన్నించు.

ఇవాళ గురువారం. ఉత్తరం నీకు చేరేసరికి ఆదివారమో సోమవారమో అవుతుంది. అప్పటికి పని అయ్యో, కాకుండానో ఉంటుంది. రేపు తొమ్మిదిన్నరకు రిజిస్ట్రారు ఆఫీసు తెరుస్తారు, నాలుగో కౌంటరు. ఫారం నింపి సంతకం పెడితే కాగితం అక్కడికక్కడే ఇస్తారు. స్కోరుని తోడు రమ్మన్నాను. నంబరు పిలిచాక నేను గుమ్మం వైపు తిరిగితే భుజం పట్టుకుని తిప్పమని చెప్పాను. "గోల్‌పోస్టు చూపించాలా గురూ" అన్నాడు. చూపించమన్నాను. అక్కణ్ణుంచి ఏజెంటు గదికి నడిస్తే పన్నెండు నిమిషాలు.

కిటికీ సీటు మనమే ఉంచుకోవచ్చట, మధ్యది వదులుకుంటే సరిపోతుందట. కిటికీ దగ్గర నువ్వు కూర్చో. కింద ఏముందో చూసి నాకు చెబుతుండు.

రేపు మధ్యాహ్నం ఒంటిగంటకి నీ భోజనం వేళ కదా, ఫోన్ చేస్తాను, నువ్విది చదివేసరికి ఆ ఫోన్ అయిపోయి ఉంటుంది. పని కాకపోతే నాలుగు మాటలు మాట్లాడతాను, సంజాయిషీ ఇచ్చుకోవాలి కాబట్టి. నేను "ఊఁ" అని ఊరుకుని ఉంటే మాత్రం, కాగితం చేతికి వచ్చినట్టు.

ఇట్లు,
నీ సెలవు కాపాడవలసిన
నాన్న