పూజలో కూర్చున్న రౌండు సీలు

విశాఖపట్నం,
దసరా సెలవులు అయ్యాక ఆఫీసు తెరిచిన రోజు.

అప్పకు,

తమ్ముడు చిన్నారావు నమస్కారం. నువ్వు, బావ, అమ్మ బాగున్నారనే అనుకుంటున్నాను. బాగులేకపోతే ఈపాటికి ఫోన్ చేసి నన్నే తిట్టి ఉండేదానివి కాబట్టి, బాగున్నట్టే. నేనూ బాగున్నాను. వేళకు తింటున్నాను. మళ్ళీ అడుగుతావని మళ్ళీ రాస్తున్నాను, వేళకే తింటున్నాను. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. నువ్వు స్పీకర్లో పెడతావు, అమ్మ మధ్యలో ఏడుస్తుంది, పక్కింటివాళ్ళు సలహాలిస్తారు. ఇది ప్రభుత్వానికి సంబంధించిన విషయం. అందుకని ఉత్తరం.

ఇక్కడ పొద్దున్నే స్నానం చేసి చొక్కా తొడుక్కుంటే, బస్సు దిగేలోపల చెమటతో రెండో స్నానం అయిపోతుంది. మెస్ వాళ్ళు శాకాహారులు. ఫిషింగ్ హార్బర్ పక్కన ఉద్యోగం చేస్తూ, ఎండు మెత్తళ్ళ కూర పంపమని ఊరికి ఉత్తరం రాసేవాడు ఈ నగరం మొత్తానికి నేనొక్కణ్ణే అయ్యుంటాను. బావ ఇటు వస్తే పంపు.

ఇక అసలు సంగతి. మాది చేపల వేటకు వెళ్ళేవాళ్ళ కాగితాలు చూసే ఆఫీసు. నేను చేరి ఏడు నెలలయింది. ఈ ఏడు నెలల్లో ప్రభుత్వం నన్ను నమ్మి అప్పగించిన వస్తువు ఒకే ఒక్కటి: రౌండు సీలు.

సెలవులకు ముందు వారం పైనుంచి సర్క్యులర్ వచ్చింది, ఆఫీసుల్లో పూజలు చెయ్యకూడదని. మా హెడ్ క్లర్కు సత్యారావు గారు దాన్ని నాచేత బిగ్గరగా చదివించారు. అందరం శ్రద్ధగా విన్నాం. విన్నాక ఆయన, "బాగుందయ్యా, ఫైల్లో ఎట్టీ. ఆయుధ పూజకి నిమ్మకాయలు ఎవులు తెత్తన్నారు?" అన్నారు.

ఆ ప్రకారం సెలవులకు ముందురోజు మధ్యాహ్నం పూజ జరిగింది. ప్రింటరుకు గంధం, జీపు చక్రాల కింద నిమ్మకాయలు. సర్క్యులర్ ఉన్న ఫైలుకు కూడా బొట్టు పెట్టాం. "ఎవుల పనిముట్టు ఆలు ఎట్టండి" అన్నారు సత్యారావు గారు. ఉద్యోగంలో మొదటి దసరా, నువ్వు చేత్తో వాడేది ఏదైనా అమ్మవారి ముందు పెట్టమని నువ్వూ చెప్పావు కదా. జేబులో పెన్ను ఉంది. కానీ అది నా హోదాకు చిన్నగా కనిపించింది. సీలు పెట్టాను. నువ్విచ్చిన కుంకం దిట్టంగా అద్దాను.

మూడున్నరకు పోలమ్మ అనే ఆవిడ వచ్చింది, కూతురు గౌరితో. గౌరికి నర్సింగ్ కాలేజీలో సీటొచ్చింది. వేటవాళ్ళ పిల్ల అని మా ఆఫీసు సర్టిఫికెట్ ఇస్తేనే ఆ సీటు నిలుస్తుంది. గడువు ఆరోజు సాయంత్రం అయిదు. మా ఆఫీసరు సంతకం పెట్టి సెలవు మీద వెళ్ళిపోయారు. ముందురోజు ఫోటో లేదని, "ఫోటో తెండి, అయిదు నిమిషాల్లో సీలేస్తాను" అని వాళ్ళను తిప్పి పంపింది నేనే. ఫోటో తెచ్చారు. సీలు అమ్మవారి ముందు కూర్చుని ఉంది.

"పూజలో కూసున్నది తియ్యకూడదయ్యా. దసరా ఎల్లినాక తీద్దాం" అన్నారు సత్యారావు గారు.

"గడువు అయిదింటికి సార్."

"సీలు ఎట్టమని నాను సెప్పినానా? జేబులో పెన్ను లేదేటి నీకు?"

నేను చదువుకున్నవాణ్ణి కదా, వాదించాను. "సార్, సర్క్యులర్ ప్రకారం ఇక్కడ పూజే జరగలేదు. జరగని పూజలోంచి సీలు తీస్తే తప్పేముంది?"

"అమ్మోరికి కాపీ పంపినారేటి ఆ సర్క్యులర్?" అన్నారాయన.

పోలమ్మ మా తగువు వినడం లేదు. కుంకంలో ఉన్న సీలును చూసి చెంపలు వేసుకుంది. "వొద్దు బావూ. అమ్మోరి ముందరిది నా పిల్ల కోసం తియ్యకండి. ఏటైనా అయితే?"

"నా సీటు పోతే ఏటో అయినట్టు కాదేటి?" అంది గౌరి. ఏడుస్తుందనుకున్నాను, కానీ కోపంగా ఉంది. "పోయినేడు మన బోటు పూజలో ఉంది. మావయ్య బోటు ఇంజిను సెడిపోయి నడిసముద్రంలో ఉండిపోనాడని ఫోనొచ్చింది. అప్పుడు నాన్న ఏటి సేసినాడే అమ్మా?"

పోలమ్మ చెప్పింది. "దండ తీసి పక్కనెట్టి, దణ్ణవెట్టి, బోటు అట్టుకెల్లిపోనాడు."

"అమ్మోరు ఏటైనా అన్నాదేటి?"

"ఏటంటాది? మనిసి నీల్ల మీద ఉంటే." అని, సత్యారావు గారి వైపు తిరిగింది. "తీయించండి బావూ."

ఆయన గడియారం చూశారు. నాలుగు దాటింది. చేతులు జోడించి, కిటికీ వైపు తిరిగి నిలబడి, "తియ్యవయ్యా" అన్నారు.

అప్పా, దణ్ణం పెట్టుకుని రెండు చేతులతో తీశాను. ఈ ఒక్క వాక్యంలో జోకు లేదు, వెతకకు.

సీలు సగం ఊదాగా, సగం ఎర్రగా పడింది. గౌరి దాన్ని ఊదుకుంటూనే ఆటో ఎక్కింది. ఇవాళ పొద్దున్న పోలమ్మ వచ్చి చెప్పింది, సీటు నిలిచిందట. ఒక కాగితంలో చుట్టి రెండు వంజరం చేప ముక్కలిచ్చింది. మెస్ వాళ్ళు గేటు లోపలికి రానివ్వలేదు. సత్యారావు గారింట్లో వండించారు.

అక్కడితో అయిపోతే బాగుండేది. సీలును తుడిచాను కానీ అక్షరాల సందుల్లో కుంకం మిగిలిపోయింది. ఇవాళ దావీదు గారని, వలలు బాగుచేసే పెద్దాయన, కాగితం కోసం వచ్చాడు. సీలేస్తే అంచున ఎర్రటి మరక. ఆయన దాన్ని చూశాడు. బొటనవేలితో మెల్లగా తుడిచాడు. పోలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. "వేరే కాగితం రాసిస్తానండీ" అన్నాను. "పర్లేదు బాబూ, అలవాటే" అన్నాడు.

తిడితే బాగుండేది. ఏదో ఒక జోకు వేసేవాణ్ణి.

పెన్ను నాది. నాకిష్టమైన చోట పెట్టుకుంటాను. సీలు గౌరిది, దావీదు గారిది. వాళ్ళను అడక్కుండా తీసుకెళ్ళి పూజలో కూర్చోబెట్టాను. నా టూత్‌బ్రష్ పెట్టి గంటసేపు రుద్దాను. ఇప్పుడు శుభ్రంగా ఉంది. కొత్త బ్రష్ కొనుక్కున్నాను, బెంగపడకు.

ఇదంతా చూస్తూనే ఉన్న సత్యారావు గారు సాయంత్రం గోడ మీది అమ్మవారి పటం దింపి, పాత చీరలో చుట్టి, స్కూటరు ముందు పెట్టుకున్నారు. "ఒచ్చే దసరాకి మా ఇంటికాడ పూజ. అందరూ రండి. ఎవుల పెన్నులు ఆలు తెచ్చుకోండి" అన్నారు.

అమ్మకు దణ్ణాలని చెప్పు. బావను అడిగానని చెప్పు. నీ చెయ్యి నా తల మీద పెట్టినట్టే అనుకుని ఈ ఉత్తరం ఇక్కడితో ఆపుతున్నాను. మెత్తళ్ళతోపాటు ఇంకో పొట్లం కుంకం పంపు. పెన్నుకు కొంచెం చాలు.

నీ తమ్ముడు,
చిన్నారావు