నిన్న కలిపిన మందు

గోదావరిఖని,
గురువారం.

అక్కకు దండాలు. నువ్వు, పాప, అత్తమ్మ బాగున్నారని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను. బొగ్గు దుమ్ముకు ఉతికిన చొక్కా ఆరేలోపే నల్లబడుతోంది. హోటలు పప్పు తినలేక నీ పచ్చిపులుసు తలుచుకుంటున్నాను.

పాప పుట్టువెంట్రుకల పండుగకు బావ రాలేడు. తప్పు ఆయనది కాదు, ఆపింది నేనే. మొత్తం చదివాక తిట్టు.

నెలన్నరగా ఆయనకు దగ్గు. "గనిల దుమ్ము, గంతే" అనేవాడు. బతిమాలి నేను పనిచేసే ల్యాబుకు తీసుకెళ్ళాను. అక్కడ కఫం పరీక్షకు ఎసిటైల్ సిస్టీన్ అనే తెల్లపొడి వాడతాం. మూత తీస్తే కుళ్ళిన గుడ్డు వాసన. కాస్టిక్ సోడా నీళ్ళతో కలిపి పోస్తే జిగురు కఫం పల్చబడి, అందులో చిక్కుకున్న క్షయ క్రిములు విడివడతాయి. గాలిలోని ప్రాణవాయువును ముందు తానే మీదేసుకునే గుణం దానిది. అందుకే కలిపిన ఒక్క రోజుకే సత్తువ పోతుంది. రోజూ పొద్దున కొత్తగా కలపాలి, సాయంత్రం మిగిలింది పారబోయాలి, అది డాక్టరుగారి ఆజ్ఞ.

మన ఇంట్లో గంజి కూడా పారబోయం కదా. హైదరాబాదు నుంచి వచ్చే మందు పారబోయడానికి నాకు చేతులు రాలేదు. దాచిపెట్టి మర్నాడు బావ కఫంలో అదే పోశాను. సరిగ్గా పల్చబడలేదు. చూసి కూడా ఊరుకున్నాను, ఏం బుద్ధో! క్రిములు కనబడలేదు. లేవని చీటీ రాసిచ్చాను. బావ ఆ సాయంత్రమే పాపకు ఎర్ర గౌను కొన్నాడు.

ఆ గౌను చూశాక నాకు అన్నం సహించలేదు. పొద్దున్నే డాక్టరుగారి ముందు ఒప్పుకున్నాను.

"నిలబడ్డవేంది? జల్ది పోయి మీ బావను పట్టుకరా" అన్నారు.

మీ దగ్గరికి బయల్దేరి బస్టాండులో సంచితో నిలబడ్డ మనిషిని లాక్కొచ్చాను. తాజా మందుతో మళ్ళీ చేశాం. ఈసారి క్రిములు కనబడ్డాయి.

"చీటీ నువ్వే ఇస్తివి, గిప్పుడు నువ్వే గుంజుకుంటున్నవా బామ్మర్ది?" అని బావ మొహం తిప్పుకున్నాడు.

సూదులు మొదలుపెట్టారు. కొన్నాళ్ళు పిల్లల దగ్గరికి వెళ్ళొద్దన్నారు. తగ్గుతుంది అక్కా, నిజంగా తగ్గుతుంది. అన్నం నేనే తీసుకెళ్తున్నాను. నన్నూ పరీక్షించారు, ఏమీ లేదు.

ఇవాళ గిన్నె ముట్టకుండానే అడిగాడు: "పోయిన నెల ఇంటికి పోతే బిడ్డ వారం దినాలు నా ఎదమీదనే పన్నది. మీ అక్కకు రాసినవా?"

రాయలేదక్కా. నాకు ధైర్యం చాలలేదు. ఇది అందిన రోజే పాపను దవాఖానకు తీసుకెళ్ళు. నువ్వూ అత్తమ్మా కూడా చూపించుకోండి. అత్తమ్మ కాళ్ళకు మొక్కానని చెప్పు. నాకు దీవెనలు తర్వాత ఇద్దువు గానీ, ముందు పాప బాగుందని ఒక్క ముక్క రాయి.

నీ తమ్ముడు
రాజేశం