కరుణ కూతురికి తార్నాక ఇల్లు

నేను, మేకల స్వర్ణ, కీర్తిశేషులు సామేలు, కాశమ్మల పెద్ద కూతురిని. యూనివర్సిటీ రసాయనశాస్త్ర విభాగంలో పాఠాలు చెప్పి రిటైరై, తార్నాకలో సొంత ఇంట్లో ఉంటున్నాను. వయసు అరవై ఎనిమిది. షుగరు ఉంది, మోకాళ్ళు మాట వినవు, తల మాత్రం సరిగ్గానే పనిచేస్తోంది. ఎవరూ బలవంతపెట్టలేదు, ఎవరూ ఆశ చూపలేదు. నా తదనంతరం నా స్థిర, చరాస్తులు ఎవరికి ఎలా చెందాలో నా ఇష్టపూర్వకంగా, నా చేత్తోనే రాస్తున్నాను.

1. ఇంతకుముందు రాసి రిజిస్టరు చేయించిన వీలునామాను ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. అందులో నా చెల్లెలి కూతురు ప్రవళిక పేరు లేదు. అప్పుడు ఎందుకు లేదో, ఇప్పుడు ఎందుకు ఉందో మూడో అంశంలో చెబుతాను. రేపు ఎవరైనా కోర్టుకెక్కి, ముసలామెకు మతి చలించిందని అనకుండా ఉండేందుకే ఇంత వివరం.

2. ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యత నా స్నేహితురాలు, న్యాయవాది కాత్యాయనిది. ఆమెకు ఓపిక తక్కువ, నిజాయితీ ఎక్కువ. ఈ పనికి రెండూ పనికొస్తాయి.

3. నా స్వార్జితమైన తార్నాక ఇల్లు, పై అంతస్తు, కింది షట్టరు గదితో సహా, సర్వహక్కులతో ప్రవళికకు చెందాలి.

కారణం చెప్పాలంటే మా చెల్లెలు కరుణ సంగతి చెప్పాలి. భర్త లారీ ప్రమాదంలో పోయాక కరుణ చిన్నపిల్లను తీసుకుని ఊరు వదిలి వచ్చింది. నా దగ్గర ఉండమంటే వినలేదు. మౌలాలిలో గది తీసుకుని, నగర శివార్లలో జీన్స్ ప్యాంట్లు తయారుచేసే ఒక యూనిట్లో చేరింది. మొదట కుట్టుపని. తర్వాత ఫినిషింగుకు మార్చారు. ఫినిషింగు అంటే కొత్త ప్యాంటును పాతదానిలా చేయడం. తొడల మీద, మోకాళ్ళ మీద ఏళ్ళ తరబడి వాడి వెలిసిపోయినట్టు కనబడాలి. అందుకోసం గొట్టంతో ఇసుకను బలంగా ఆ గుడ్డ మీదికి చిమ్ముతారు. ఆ పని మూసిన గదిలో జరిగేది. కరుణ ముక్కుకు చున్నీ చుట్టుకునేది. మొదట్లో పండగలకు కొత్త మోడళ్ళు వచ్చేవి, తర్వాత ప్రతి వారమూ రావడం మొదలైంది. ఆర్డరు తొందరలో ఆ గదిలో దుమ్ము అణిగే తీరిక కూడా ఉండేది కాదు. ఆదివారం చర్చికి వచ్చినప్పుడు దాని కనురెప్పల మీద నీలంపొడి చూసి కాటుక అనుకున్నాను.

దగ్గు మొదలైంది. టీబీ అని మందులు వాడించారు, తగ్గలేదు. చివరికి ఛాతీ డాక్టరు ఎక్స్‌రే చూసి, ఊపిరితిత్తుల్లో ఇసుకధూళి పేరుకుపోయిందని, అది ఇక బయటికి రాదని చెప్పాడు. రాళ్ళ క్వారీలో పనిచేసిందా అని అడిగాడు. కాదు, ఫ్యాషన్ బట్టల దగ్గర పనిచేసిందని చెప్పాను. ఆయన పెన్ను పక్కన పెట్టి, ఎక్స్‌రేను మళ్ళీ వెలుతురుకు పెట్టి చూశాడు.

ఆక్సిజన్ గొట్టంతో మంచం మీద ఉన్నప్పుడు కరుణ నాతో, "అక్కా, గా ప్యాంట్లు ఎవలు తొడుక్కుంటరో ఏమో. నేనైతే ఒక్కటి గూడ ఒకల ఒంటి మీద చూడలే" అన్నది. నేను మాత్రం రోజూ చూసేదాన్ని. క్యాంపస్‌లో చెట్ల కింద, లైబ్రరీ మెట్ల మీద, నా క్లాసులో ముందు బెంచీలో. పిల్లల మీద కోపం రాలేదు, వాళ్ళకెలా తెలుస్తుంది? కానీ ఆ ఏడాదంతా బోర్డు వైపే తిరిగి పాఠం చెప్పాను.

కరుణ పోయేనాటికి ప్రవళిక ఇంటర్ చదువుతోంది. నా దగ్గరే పెరిగింది, మా క్యాంపస్‌లోనే పీజీ చేసింది. ఆ తర్వాత ఆన్‌లైన్‌లో చవక బట్టలమ్మే ఒక కంపెనీలో ఉద్యోగానికి చేరింది. ఏ యూనిట్‌కు ఏ ఆర్డరు ఇవ్వాలో చూసే పని. ఆ మాట చెప్పిన రోజు నేను ఆగలేకపోయాను. మీ అమ్మ ఊపిరి తీసినవాళ్ళ దగ్గరే అన్నం తింటావా అన్నాను. అది ఏడవలేదు. "పెద్దమ్మా, బట్టలు కుట్టుడే బందయితే మా మౌలాలి గల్లీల సగం పొయ్యిలు ఆరిపోతయ్. అమ్మ పని వద్దనలే. మంచి మాస్క్ ఇయ్యమన్నది, కిటికీ తెరవమన్నది. గంతే" అని చెప్పి, బ్యాగు సర్దుకుని రామంతాపూర్‌లో హాస్టల్‌కు వెళ్ళిపోయింది. నేను సబ్-రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళి, వీలునామాలోంచి దాని పేరు తీసేయించాను. ఆ కోపం తప్పని ఇప్పటికీ అనను.

కొన్నేళ్ళు మాటల్లేవు. క్రిస్మస్‌కు చర్చిలో వెనక వరసలో కూర్చునేది, ప్రార్థన ముగిసేలోపే లేచి వెళ్ళేది.

కిందటి వేసవిలో సారలమ్మ అనే ఆమె ప్రవళికను వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చింది. ఆమె ఇంకొక జీన్స్ యూనిట్లో పనిచేస్తుంది. జరిగినదంతా ఆమె నోటనే విన్నాను. ప్రవళిక కంపెనీ తరఫున ఆ యూనిట్ చూడడానికి వెళ్ళి, అదే ఇసుక గదిని, అలాగే మూసిన కిటికీలను చూసిందట. ఇసుక ఆపితేనే ఆర్డరు ఇద్దామని పైవాళ్ళకు చెప్పిందట. వాళ్ళు వినలేదు. అప్పుడు తన పేరు మీదే అధికారులకు ఫిర్యాదు చేసి, వాళ్ళు వచ్చిన రోజు పనివాళ్ళతో కలిసి గేటు దగ్గర నిలబడిందట. ఇసుక మిషన్‌కు సీలు పడింది. ప్రవళికకు ఉద్యోగం పోయింది. "గా మిషన్ బందు వెట్టిచ్చింది మీ బిడ్డనే. మేము గాలి పీలుస్తున్నం. ఆమె యాడున్నదో, ఏం తింటున్నదో తెల్వదు, జర జూడండి అమ్మా" అన్నది సారలమ్మ.

మర్నాడు పొద్దున్నే ఆటోలో రామంతాపూర్‌లోని ఆ హాస్టల్‌కే వెళ్ళాను. ప్రవళికే తలుపు తీసింది. బాగా చిక్కిపోయింది. ఇంటికి నడువు అన్నాను.

"నీ కోపం పోయిందా పెద్దమ్మా?"

"పోలే. ఇంట్ల కూసోని కొట్లాడుదాం, నడువు."

వచ్చింది. అప్పటి నుంచి కొట్లాడుతూనే ఉన్నాం. ఇప్పుడు యూనిట్ల వెంట తిరిగి, దగ్గుతున్న ఆడవాళ్ళను ఆస్పత్రికి తీసుకువెళ్ళే ఒక సంఘంలో పనిచేస్తోంది. షట్టరు గదిని ఆ పనికే వాడాలని షరతు రాయమని కాత్యాయని సూచించింది. నేను రాయడం లేదు. ఆ గదితో ఏం చేయాలో ప్రవళికకు ఒకరు చెప్పాల్సిన అవసరం లేదు.

4. ఊళ్ళో నాన్న వదిలిన, వాన మీద పండే చెలకలో నా వాటా తమ్ముడు నరేందర్‌కు చెందాలి. ఇంటి మీద అతనికి హక్కు లేదు. ఏ డ్రెస్సయినా ఒకే రేటుకు అమ్మే దుకాణంవాడిని షట్టరు గదికి అద్దెకు తెచ్చి, "ఊకె ఖాళీగ పెట్టుకొని ఏం జేస్తవ్ అక్కా?" అన్నాడు. కరుణ ఫొటో కిందే కూర్చుని అన్నాడు. అది నేను మరచిపోలేదు. అయినా నాన్న గొంగడి కూడా అతనికే ఇస్తున్నాను. మా గొర్రెల ఉన్నితో నేసింది అది. నాన్న వానలో కప్పుకున్నాడు, చలికి దాని కిందే మేం ముగ్గురం పడుకున్నాం, మధ్యలో కరుణ. చిరిగితే అమ్మ కుట్టింది. నరేందర్, దాన్ని బీరువాలో దాచకు, కప్పుకో.

5. నా సొంత మైక్రోస్కోపు, స్లయిడ్లతో సహా, మా విభాగానికి. పాలియెస్టర్ టాప్‌ను ఒక్కసారి ఉతికిన నీళ్ళలో ఎన్ని ప్లాస్టిక్ పోగులు తేలుతాయో ప్రతి బ్యాచికీ చూపించాలి. ఆ నీళ్ళు డ్రైనేజీ గుండా మూసీకి పోతాయని కూడా చెప్పాలి. పరీక్షలయ్యాక హాస్టల్ వెనక పిల్లలు వదిలేసిన బట్టల కుప్పలను తగలబెడుతుంటే, అవి కాలకుండా కరిగి నల్లగా బొట్లు కారడం నేను చూశాను. ఒకటి రెండుసార్లు వేసుకున్న బట్టలవి.

6. క్యాంపస్‌లో ప్రతి ఫెస్టుకూ కొత్త టీషర్టులు ఎందుకని నేను మీటింగులో అడిగితే, "ఒక టీషర్టుతో భూమి మునుగుతదా మేడం?" అని అందరినీ నవ్వించిన ప్రొఫెసర్ కరుణాకర్‌కు, నాకిచ్చిన ఆ టీషర్టులన్నీ ఉతికి, ఇస్త్రీ చేయించి ఇస్తున్నాను. సన్మానాల్లో నాకు కప్పిన శాలువాలు కూడా ఆయనకే. చలికాలంలో కప్పుకుంటే వేడినివ్వవు, వేసవిలో గాలాడనివ్వవు.

7. నన్ను మా చర్చి సమాధుల తోటలో పెట్టాలి. నా కోసం ఎవరూ కొత్త తెల్లబట్టలు కొనవద్దు, ఎవరి దగ్గర ఏవుంటే అవే కట్టుకుని రావాలి. నాకు నూలు చీరే కట్టాలి, అంచులోనైనా సరే ప్లాస్టిక్ దారం ఉండకూడదు. నేను మట్టిలో కలిసిపోయాక నా చీర ఒక్కటే అక్కడ మిగిలి ఉండడం నాకు ఇష్టం లేదు.

పై అంశాలన్నీ నేనే రాసి, చదువుకుని, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేశాను.

తార్నాక, 2025 నవంబరు 18, మంగళవారం.

(సంతకం) మేకల స్వర్ణ

సాక్షులు:
శ్రీలలిత, పక్కింటి నివాసి
డాక్టర్ కృష్ణ, నాకు వైద్యం చేస్తున్నవారు